ఫైల్ పేరు తెలుగులో ఉంటే మాక్రో ఆగిపోతోంది: తప్పు పేరుదా, మాక్రోదా?

బాలాజీకాలనీ_డీటీపీ:
మాది తిరుపతిలో చిన్న డీటీపీ షాపు. వర్డ్‌లో ఒక మాక్రో (చేసిన పనే మళ్లీ మళ్లీ తనంతట తాను చేసే చిన్న ప్రోగ్రాం) వాడుతున్నాం. ఫోల్డర్ ఎంచుకోమని డైలాగ్ వస్తుంది, ఎంచుకుంటే అందులోని డాక్యుమెంట్లన్నీ ఒక్కొక్కటే తెరిచి పీడీఎఫ్ చేస్తుంది. ఇంగ్లీషు పేర్లున్నవి చకచకా అయిపోతాయి. ‘గృహప్రవేశం’, ‘అద్దె ఒప్పందం’ లాంటి పేరు తగిలితే చాలు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఇకమీదట పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని మా ఓనరు రూలు పెట్టారు. నాకు నచ్చలేదు. కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఫైలు పేరు మనమెందుకు మార్చాలి? పైగా ఆ డైలాగ్‌లో ఏ ఫోల్డర్ తెరిచినా లోపల ఫైళ్లే కనబడవు. డైలాగే చెడిపోయిందంటారా?

చిత్తూరు_దస్తావేజులు:
మీ ఓనరు చెప్పిందే కరెక్టు. మేం పార్టీ ఇంటిపేరు, తేదీ, అంతే, ఇంగ్లీషులో పెట్టేస్తాం. మాక్రో రాసిచ్చినాయన బెంగళూరు వెళ్లిపోయాడు. దాన్ని ఇప్పుడు కెలికేదెవరు? పేరు మార్చడానికి అర నిమిషం పట్టదు.

ఎస్వీయూ_రిసెర్చ్:
ముందు డైలాగ్ మీద నింద తీసేయండి. మీరు వాడేది ఫోల్డర్ పికర్ రకం డైలాగ్. అది ఫోల్డర్లనే చూపిస్తుంది, అది దాని పద్ధతి. ఫైళ్లు కనబడాలంటే ఫైల్ పికర్ వాడాలి, అందులో ‘అలో మల్టీసెలెక్ట్’ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఒకేసారి ఎన్నయినా ఎంచుకోవచ్చు.

తెలుగు పేరున్న ఫైలునైనా డైలాగ్ సరిగ్గానే అందిస్తుంది. చెడేది ఆ తర్వాత. మీరు కోడ్ పెట్టలేదు గానీ, ఫోల్డర్‌లోని ఫైళ్లను వరసగా తీసే మాక్రోలు చాలావరకు ‘డిర్’ ఫంక్షన్ మీదే నడుస్తాయి. ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే అందించేది అదే. దానికి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి కోడ్) తెలియదు. అలాంటి పాత ఫంక్షన్లు వాడుకునే ఆన్సీ కోడ్ పేజీ (ఒక్కో భాషకు విడిగా ఉండే అక్షరాల పట్టిక) విండోస్‌లో తెలుగుకు లేదు కాబట్టి అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. ఆ ప్రశ్నార్థకాల పేరుతో ఫైలు తెరవమంటే వర్డ్ ఎక్కడినుంచి తెస్తుంది? డిర్ తీసేసి, అదే పని యూనికోడ్‌తో చేసే ఫైల్ సిస్టమ్ ఆబ్జెక్ట్ పెట్టండి. గెట్ ఫోల్డర్‌తో ఫోల్డర్ పట్టుకుని, దాని ఫైల్స్ మీద లూప్ తిప్పితే తెలుగు పేర్లు చెక్కుచెదరవు.

అన్నట్టు, పేరు సరిగ్గా వచ్చిందా లేదా అని మెసేజ్ బాక్సులో చూడకండి. లోపల పేరు బాగానే ఉన్నా అది ప్రశ్నార్థకాలే చూపిస్తుంది. చాలామంది అక్కడే బోల్తా పడతారు. పేరును డాక్యుమెంట్‌లోకే టైప్ చేయించి చూడండి.

చిత్తూరు_దస్తావేజులు:
చెప్పడం సులువే సామీ. మా దగ్గర ఒకసారి అలాగే మార్పించాం. తెలుగు పేర్లు దాటింది, టిల్డా, డాలర్ గుర్తులతో మొదలయ్యే ఏవో ఫైళ్ల దగ్గర ఆగింది. ఫోల్డర్‌లో చూస్తే అలాంటివి లేనే లేవు. ఒక తలనొప్పి పోయి ఇంకోటి.

ఎస్వీయూ_రిసెర్చ్:
ఉన్నాయి, దాగి ఉంటాయి. డాక్యుమెంట్ తెరిచి ఉన్నంతసేపు వర్డ్ పక్కనే పెట్టుకునే హిడెన్ ఫైళ్లవి. డిర్ వాటిని మామూలుగా వదిలేస్తుంది, ఫైల్ సిస్టమ్ ఆబ్జెక్ట్ వదలదు. పేరు ఆ రెండు గుర్తులతో మొదలైతే దాటేయమని ఒక ఇఫ్ (షరతు) రాస్తే సరి.

శ్రీకాళహస్తి_ప్రింట్:
కోడ్ ముట్టుకోకుండా ఇంకో దారుంది. విండోస్ రీజియన్ సెట్టింగుల్లో యూటీఎఫ్-8 (యూనికోడ్‌లో ఒక రకం) వాడమని బీటా ఆప్షన్ ఉంటుంది. దానికి టిక్ పెట్టి రీస్టార్ట్ చేసి చూడండి.

బాలాజీకాలనీ_డీటీపీ:
అమ్మో, వద్దన్నా. మా సిస్టంలో పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్ ప్రోగ్రాం ఉంది. యూనికోడ్ లేని పాత ప్రోగ్రాముల్లో ఆ టిక్ వల్ల అక్షరాలు చెడే ప్రమాదముంది. పెళ్లిళ్ల సీజన్లో ఆ టెన్షన్ నావల్ల కాదు.

తిరుచానూరు_అక్క:
పేరు మార్చడం అర నిమిషమే, సరే. వెతకడం సంగతేంటి? ‘లక్ష్మి’ని మా షాపులో ముగ్గురు మూడు రకాల స్పెల్లింగులతో సేవ్ చేస్తారు. పోయినేడాది పెళ్లిపత్రిక మళ్లీ కావాలని కస్టమర్ వస్తే మూడుసార్లు వెతకాలి. తెలుగులో ఉంటే ఒక్కసారి చాలు.

చిత్తూరు_దస్తావేజులు:
అక్కా, ఆ మాట ఒప్పుకుంటా. కానీ మాక్రో బాగుచేయాలంటే ముందు క్యాన్సిల్ సంగతి చూడండి. మా కుర్రాడు ఫోల్డర్ ఎంచుకునే డైలాగ్‌లో క్యాన్సిల్ నొక్కిన ప్రతిసారీ ఎర్రరే.

ఎస్వీయూ_రిసెర్చ్:
ఏమీ ఎంచుకోకపోయినా మొదటి ఐటెమ్ అడిగితే ఎర్రర్ రాక ఏమవుతుంది? డైలాగ్‌ను తెరిచే ‘షో’ అనే ఆదేశం మైనస్ 1 ఇస్తేనే ముందుకెళ్లాలి, 0 ఇస్తే క్యాన్సిల్ అయినట్టు, మాక్రో అక్కడే ముగించాలి.

బాలాజీకాలనీ_డీటీపీ:
డిర్ మార్చాను, హిడెన్ ఫైళ్లకు ఇఫ్ పెట్టాను, తెలుగు ఫైళ్లన్నీ పీడీఎఫ్ అయ్యాయి. ఓనరు సగం దిగొచ్చారు: కస్టమర్ తెచ్చినవి వాళ్ల పేరుతోనే, మేం టైప్ చేసినవి మాత్రం ఇంగ్లీషులోనే అట.

చిత్తూరు_దస్తావేజులు:
ఆయన తెలివైనవాడు.

తిరుచానూరు_అక్క:
మీకలాగే అనిపిస్తుందిలే!