గొరాన్ ఇవానిసెవిచ్ 2001 వింబుల్డన్: ఆడి గెలిచాడా, వాన గెలిపించిందా?

హెన్‌మన్ హిల్ వాసి
ఆఫీసులో లంచ్ దగ్గర మొదలైన గొడవ, మూడు రోజులైనా తేలలేదు. అందుకే ఇక్కడికి తెచ్చాను. నా మాట ఇదీ: ఆ టైటిల్ వాన పుణ్యమే.

సెమీఫైనల్ గుర్తు చేసుకోండి: క్రొయేషియా గొరాన్, ఇంగ్లండ్ హెన్‌మన్. మొదటి సెట్ గొరాన్‌ది, 7-5. రెండోది టైబ్రేక్‌లో (6-6 అయితే సెట్ తేల్చే గేమ్) హెన్‌మన్ లాక్కున్నాడు. మూడోది 6-0, పావుగంటలో ఊడ్చేశాడు. గొరాన్ చేతులెత్తేసినట్టే కనిపించాడు. నాలుగో సెట్‌లో హెన్‌మన్ 2-1తో ముందుండగా వాన. శుక్రవారం ఆగిన మ్యాచ్ ఆదివారం ముగిసింది. సెంటర్ కోర్టుకి మూసే పైకప్పు వచ్చింది 2009లో. అది ఎనిమిదేళ్ల ముందే ఉండుంటే హెన్‌మన్ ఆ సాయంత్రమే ఫైనల్‌కి వెళ్లేవాడు. అంతకుముందు 1998, 99లో సెమీస్‌లో, ఆ రోజుల్లో వింబుల్డన్‌ని ఏలిన సాంప్రాస్ చేతిలో పోయాడు. ఈసారి సాంప్రాస్ కూడా లేడు. దరిద్రుడు తల కడిగితే వడగళ్ల వానంటే ఇదే.

పాత రాకెట్
ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అన్నా. శుక్రవారం గురించి చెప్పి, శనివారాన్ని మింగేశారేం? వాన తర్వాత నాలుగో సెట్ మళ్లీ మొదలై టైబ్రేక్‌దాకా వెళ్లింది. అక్కడ హెన్‌మన్ గెలుపుకి రెండు పాయింట్ల దూరంలో నిలబడ్డాడు. రెండంటే రెండు! వాన లేదు, జనమంతా అతని వైపే, దేశం అతనిది. అక్కడ ఆ సెట్ పోగొట్టుకున్నాడు. వాన మ్యాచ్‌ని ఆపింది, ఒప్పుకుంటా. ఆ రెండు పాయింట్లు వేయకుండా హెన్‌మన్ చేతులు పట్టుకుందా ఏంటి?

గోదారి గట్టు
మా ఇంట్లో ఆ శనివారం ఐదో సెట్ మొదట్లో కరెంటు పోయింది. వచ్చేసరికి అక్కడ మళ్లీ వాన, 3-2 దగ్గర ఆగింది. నాన్న "మనకేం నష్టం లేదులే" అని పడుకున్నారు. చర్చకి పనికిరాదు, క్షమించాలి.

నెట్ దగ్గరోడు
అసలు గొడవ వాన దగ్గర కాదండీ, వైల్డ్ కార్డ్ (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు పిలిచి ఇచ్చే చోటు) దగ్గర ఉండాలి. అప్పటికి గొరాన్ ర్యాంకు 125. భుజం పాడైపోయింది. అంతకుముందు ఏడాది బ్రైటన్‌లో రాకెట్లు విరగ్గొట్టి, చేతిలో ఇంకోటి లేక మ్యాచ్ వదిలేసిన మనిషి. మూడు ఫైనల్స్ ఆడాడని (1992, 94, 98, మూడూ ఓడాడు) పిలిచి సీటిచ్చారు. ఎదుగుతున్న కుర్రాడికి ఇవ్వాల్సింది కదా? గెలిచాడు కాబట్టి ఇప్పుడందరూ చప్పట్లు కొడుతున్నారు. మొదటి రౌండ్‌లో పోయుంటే?

పాత రాకెట్
పోలేదుగా! కార్డ్ ఇస్తే మెయిన్ డ్రాలోకి, అంటే అసలు పోటీలోకి వస్తాడు, అంతే. తర్వాత ఎవరిని కొట్టాడో చూడండి: ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన మోయా, అప్పటికింకా కుర్రాడైన రాడిక్, రుసెడ్‌స్కీ, నాలుగో సీడ్ (టోర్నీవాళ్లిచ్చే ర్యాంకు) సఫిన్, ఆరో సీడ్ హెన్‌మన్, ఫైనల్లో మూడో సీడ్ ఆస్ట్రేలియా రాఫ్టర్. వీళ్లలో ఎవరిని వాన ఓడించింది?

సాంప్రాస్‌ని ఫెడరర్ అనే కుర్రాడు నాలుగో రౌండ్‌లో ఇంటికి పంపాడు, ఆ ఫెడరర్‌ని క్వార్టర్స్‌లో హెన్‌మన్ పంపాడు. అదృష్టం అనాలంటే దాన్ని అనండి, నేనూ తలూపుతా.

చివరి గేమ్
ఫైనల్ చివరి గేమ్ చూసినవాళ్లెవరూ అదృష్టం అనరు. ఆదివారం కూడా కాదు, సోమవారం. టికెట్ల కోసం జనం రాత్రంతా వీధిలో పడుకున్నారు, స్టాండ్స్‌లో క్రొయేషియా జెండాలు, ఆస్ట్రేలియా జెండాలు. నాలుగో సెట్‌లో ఫుట్ ఫాల్ట్ (సర్వ్ వేస్తూ గీత తొక్కడం) ఇచ్చారని గొరాన్ నెట్‌ని తన్ని, రాకెట్ విసిరి, సెట్ 2-6తో పారేసుకున్నాడు. మామూలుగా అయితే అక్కడే కథ అయిపోవాలి. అయినా ఐదో సెట్‌లో 8-7 మీద సర్వ్‌కి వచ్చాడు. మొదటి మ్యాచ్ పాయింట్ (గెలిస్తే మ్యాచ్ అయిపోయే పాయింట్): డబుల్ ఫాల్ట్, రెండు సర్వ్‌లూ తప్పాయి. రెండోది: మళ్లీ డబుల్ ఫాల్ట్! మూడోసారి రాఫ్టర్ బంతిని ఎత్తుగా లాబ్ చేసి, నెత్తి మీదుగా వేసి లాక్కున్నాడు. నాలుగోసారి మొదటి సర్వ్ పోయింది. రెండో సర్వ్ పడింది, రాఫ్టర్ కొట్టిన బంతి నెట్‌లోకి. 9-7. కోర్టు మీద బోర్లా పడిపోయాడు మనిషి.

ఆ రెండో సర్వ్ వేసేటప్పుడు ఆ చేతికి ఎంత టెన్షన్ ఉండాలి! పదేళ్లుగా ఏస్‌ల (ఎదుటివాడు తాకలేని సర్వ్‌ల) మీద బతికిన మనిషికి ఆ రోజు బంతిని బాక్సులో వేయడమే గగనమైంది.

హెన్‌మన్ హిల్ వాసి
ఫైనల్ సంగతి ఒప్పుకుంటా. సెమీస్ మీద మాత్రం నా మాట నాదే. 6-0 ఊపులో ఉన్నవాణ్ణి రాత్రంతా కూర్చోబెడితే ఊపు ఉంటుందా? మీరెవరైనా సెట్ 6-0తో గెలిచి, మర్నాడు అదే మ్యాచ్ ఆడారా?

నెట్ దగ్గరోడు
నేనాడాను, కాలేజీ టోర్నీలో. మర్నాడు 6-1తో ఓడాను. కానీ వాన మీద పెట్టలేదండీ, రాత్రి తిన్న బిర్యానీ మీద పెట్టాను.

పాత రాకెట్
:) అన్నా, రేపు లంచ్‌కి ఆ శనివారం టైబ్రేక్ ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి. 5-5 దగ్గర ఆపి, ఆకాశం ఎలా ఉందో అందరికీ చూపించండి.