కాలనీ వార్షికోత్సవం: పగ్గాలు ఒక్కరి చేతికా, కమిటీ చేతికా?

మధురవాడ వాసి:
మా అపార్టుమెంట్లో 120 ఫ్లాట్లు. పోయినేడు వార్షికోత్సవాన్ని పదకొండుమంది కమిటీ నడిపింది. వంటాయనకి ముగ్గురు మూడు లెక్కలు చెప్పారు, తొమ్మిదింబావుకే కూరలు అయిపోయాయి. ఇంకా ఆరు డాన్సులుండగానే పదయింది, మైకు కట్టేయాల్సొచ్చింది. సాయంత్రం నుంచీ మేకప్ వేసుకుని కూర్చున్న పిల్లలు ఏడుస్తూ ఇళ్లకెళ్లారు. ఈ డిసెంబరుకి ఒక్కరికే పగ్గాలిద్దామంటున్నాను. సగంమంది వద్దంటున్నారు. మీరేమంటారు?

అక్కయ్యపాలెం పెద్దాయన:
నేనూ వద్దనే అంటాను. మా వీధిలో చవితి పందిరి అలాగే ఒకాయనకి అప్పగించాం. షామియానా, లైటింగు, సౌండు అన్నీ తనకి తెలిసినవాళ్లకే ఇచ్చాడు. లెక్కలు దసరా దాటాక గానీ చెప్పలేదు. మరుసటేడు చందాలకి తిరగడానికి కుర్రాళ్లెవరూ రాలేదు. చెమటోడ్చేవాడికి మాట కూడా ఉండాలి బాబూ.

గాజువాక రిటైర్డ్:
ప్లాంటులో షిఫ్టులు చేసి రిటైరైనవాణ్ణి. షట్‌డౌన్ పనుల్లో, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతుల్లో, నేర్చుకున్నది ఒకటుంది: ఇన్‌చార్జి చేతిలో వేరే పని ఉండకూడదు. వడ్డనలో ఉన్నవాడికి స్టేజీ వెనక ఏం జరుగుతోందో కనపడదు. పోయినేడు మీ పదకొండుమందిలో ఖాళీ చేతులతో నిలబడి మొత్తం చూసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?

పది గంటలన్నది మన చేతిలో లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు, ప్రభుత్వం సడలించిన కొద్ది రోజులు తప్ప. కాబట్టి పది నుంచి వెనక్కి లెక్కేసుకోండి. పాట మూడు నిమిషాలే. పిల్లలు స్టేజీ ఎక్కడం, వరసలో నిలబడడం, సౌండ్ కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో పాట వెతకడం, వీళ్లు దిగడం కలిపితే ఐదు. అంటే ఇరవై పాటలకి గంట కాదు, గంటా నలభై నిమిషాలు. మీ ఆరు డాన్సులు పోయింది అక్కడే అనుకుంటాను.

ఇక వాన. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే. మబ్బు పట్టిందనుకోండి, కుర్చీలు సెల్లారులోకి దించాలా వద్దా అన్నది మధ్యాహ్నం రెండింటికల్లా తేలిపోవాలి. పదకొండుమంది వాట్సాప్‌లో తేల్చేలోపు కార్పెట్లు తడిసిపోతాయి.

అక్కయ్యపాలెం పెద్దాయన:
ఆ ఒక్కరోజు ఒకరి మాటే చెల్లాలంటే సరే, ఒప్పుకుంటాను. డబ్బు మాత్రం ఇంకొకరి దగ్గరుండాలి. ప్రతి బిల్లు మీదా ఇద్దరి సంతకాలుండాలి. వారంలో లెక్కలు నోటీసు బోర్డెక్కాలి. ఇందులో రాజీ లేదు.

ఎంవీపీ కాలనీ గృహిణి:
ఒక్కరే అంటున్నారు, ఆ ఒక్కరూ ఎవరండీ? మా దగ్గర ఎప్పుడూ సెక్రటరీగారే. నెలరోజులు డాన్సులు నేర్పేది మేము. ఏ పాప ఎన్ని పాటల్లో ఉందో, బట్టలు మార్చుకోడానికి ఎంతసేపు పడుతుందో మాకు తెలుసు. ప్రోగ్రాం వరస రాసేది మాత్రం ఆయన. ఒకే పాపకి వెంటవెంటనే రెండు డాన్సులు పడి స్టేజీ ఖాళీగా ఉండిపోతుంది. ఏటా ఇదే జరుగుతోంది, ఏటా చెబుతూనే ఉన్నాం.

మధురవాడ వాసి:
ఇది చదివాక మా మూడో అంతస్తు అక్కని అడిగాను. మా పిల్లలందరికీ ఆవిడే నేర్పుతారు. ఒక షరతు మీద ఒప్పుకున్నారు: ఎవరి ప్రసంగమైనా మూడు నిమిషాలే, ఆవిడ చెయ్యెత్తగానే మైకు ఆపాలి. డబ్బు ట్రెజరర్ దగ్గర, రెండు సంతకాలతో. దీనికి అందరూ సరేనన్నారు. ప్రసంగాల షరతుకే ప్రెసిడెంటుగారు ఇంకా ఒప్పుకోలేదు. ఆదివారం మీటింగులో పెడుతున్నాను.