చర్చ: పినోచెట్ పాలనలోని చిలీలో రాషెన్‌బర్గ్ ప్రదర్శన పెట్టవచ్చా?

చిత్రలేఖ: అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రాషెన్‌బర్గ్ 1984లో ఐక్యరాజ్యసమితిలో ఒక సాంస్కృతిక వినిమయ పథకాన్ని ప్రకటించాడు. మెక్సికో, చిలీ, చైనా, టిబెట్, క్యూబా, సోవియట్ యూనియన్... వెళ్ళిన చోట దొరికిన బట్టలు, రేకులు, తను తీసిన ఫొటోలు కలిపి కళాకృతులు చేసి చూపించాడు. అంతా బాగుంది. కానీ 1985లో చిలీ రాజధాని శాంటియాగోలో, సైనిక నియంత పినోచెట్ పాలనలో జనం మాయమైపోతున్న రోజుల్లో, ప్రభుత్వ మ్యూజియంలో ప్రదర్శనా? నాకు మింగుడుపడదు.

వేణుమాధవ్: అందులో అమెరికా ప్రభుత్వ ప్రచారమేమీ లేదు. ఖర్చు చాలావరకు ఆయనదే. తాను దాచుకున్న చిత్రాలు అమ్మి మరీ పెట్టాడు.

చిత్రలేఖ: డబ్బు ఎవరిదని నేను అడిగానా? గోడ ఎవరిదని అడుగుతున్నాను.

వేణుమాధవ్: సొంత డబ్బు పెట్టినవాణ్ణి ఎవరి తొత్తని అంటారు?

గోదారిగట్టు: అదే ఏడాది బీజింగ్ ప్రదర్శన అక్కడి యువ చిత్రకారులను కుదిపేసింది. వెళ్ళకుండా ఉంటే వాళ్ళకేం దక్కేది?

అద్దకం: మాది కలంకారీ కుటుంబం. ఒక విదేశీ చిత్రకారుడు మా నాన్న పక్కన కూర్చుని కరక్కాయ నీళ్ళలో బట్ట తడపడం, బెల్లం, ఇనుము ఊరబెట్టి నలుపు తీయడం నేర్చుకున్నాడు. అతని ప్రదర్శన పుస్తకంలో ‘స్థానిక సహకారం’ అని వేశారు. నాన్న పేరు లేదు. ఆయన ఆ పుటను చాలాసేపు తిరగేశారు.

వేణుమాధవ్: బాధాకరమే. కానీ ఆ కోపం రాషెన్‌బర్గ్ మీద చూపిస్తే ఎలా? 1975లో అహ్మదాబాద్ గాంధీ ఆశ్రమం కాగితపు మిల్లుకు వచ్చి, అక్కడి పనివాళ్ళతో కలిసి కళాకృతులు చేశాడు. మన బట్టల రంగులు చూసే తర్వాత ‘జామర్స్’ అనే బట్టల కళాకృతుల వరుస చేశాడు.

అద్దకం: ఆ మిల్లులో గుజ్జు కలిపినవారిలో ఒక్కరి పేరు చెప్పండి.

వేణుమాధవ్: నాకు తెలియదు. అయితే పేర్లు రాయలేదని ప్రయాణాలే మానుకోవాలా? ఆ వినిమయ పథకంలో వెళ్ళిన ప్రతి చోటా ఒక కృతిని అక్కడివారికే వదిలి వచ్చాడు!

అద్దకం: ఏది వదలాలో కూడా ఆయనే నిర్ణయించాడు కదండీ.

చిత్రలేఖ: నా అభ్యంతరమూ అదే, ఇంతసేపూ సరిగ్గా చెప్పలేకపోయాను. ఎవరితో కలవాలి, ఎవరి గోడ వాడాలి, అన్నీ వచ్చినవాడి ఇష్టమే. చిలీ కళాకారుల్లో ఎందరో అప్పటికి ప్రవాసంలో ఉన్నారు. వాళ్ళను ఎవరు అడిగారు?

వేణుమాధవ్: ఊళ్ళో మిగిలినవాళ్ళను మాత్రం మీరు అడిగారా? వాళ్ళకు కిటికీ మూసేసే హక్కు మనకెక్కడిది? నేను ఒప్పుకోను.

అద్దకం: కిటికీ తెరవండి. పేర్లు కూడా రాయండి.