నెయ్యీ పేరుకుంటుంది, పెరుగూ పేరుకుంటుంది: మాట ఒకటే, మార్పు ఒకటేనా?

మా తిరుపతిలో ధనుర్మాసం చలికి నెయ్యి గిన్నెలోనే గట్టిపడిపోతుంది. "నెయ్యి పేరుకుంది, పొయ్యి పక్కన పెట్టు" అంటుంది మా అత్త. రాత్రి తోడేసిన గిన్నెను పొద్దున్నే కాస్త వంచి చూసి "పెరుగు బాగా పేరుకుంది" అనేదీ ఆమే.

ఆరో తరగతి చదివే మా పాప సైన్సు పరీక్షలో ఈ రెండింటినీ భౌతిక మార్పు కిందే రాసి వచ్చింది. "మాట ఒకటే కదమ్మా, మార్పూ ఒకటే అనుకున్నా" అంది. మార్కు పోతే పోయింది, ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

కాలువలో మురికి పేరుకుంటుంది, అటక మీద దుమ్ము పేరుకుంటుంది. ఒకచోట చేరి మందంగా కావడం, అంతవరకే ఆ మాట చెబుతుంది. లోపల ఏం జరిగిందో దానికి పట్టదు. నెయ్యి చల్లబడి గట్టిపడింది, అంతే. పెరుగు సంగతి వేరు. తోడులోని బాక్టీరియా పాలలోని లాక్టోజు చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ పులుపుకు కేసీన్ అనే ప్రోటీన్ వలలా అల్లుకుని, నీళ్లను తనలో పట్టేసుకుంటుంది. "తోడుకోవడం" అనే మాట ఈ మార్పుకే ఉంది. నెయ్యి తోడుకుందని ఎవరమూ అనం. పిల్లలకు చెప్పేటప్పుడు ఆ మాటే వాడితే మేలు కదా?

జవాబు (చిత్తూరు నుంచి):
"విరగడం" కూడా ఇంతే అక్కా. చెరుకు గడ విరిగితే రెండు ముక్కలూ చెరుకే. నిమ్మరసం పడి పాలు విరిగితే అవిక పాలు కావు. మా వైపు బెల్లం వండేచోట ఇంకా చిత్రం. పెనంలో రసం చిక్కబడేది నీళ్లు ఆవిరై, రంగు తిరిగేది చక్కెర మారి. ఒకటి భౌతికం, ఒకటి రసాయనికం. మేం రెంటికీ కలిపి "పాకం ముదిరింది" అనేస్తాం.

జవాబు:
టీచరుగా ఒక మాటమ్మా. వెనక్కి వస్తే భౌతికం, రాకపోతే రసాయనికం అని మాత్రం పాపకు చెప్పకండి. తురిమిన కొబ్బరి మళ్లీ చిప్పకు అతుక్కోదు, అయినా అది కొబ్బరే. కొత్త పదార్థం పుట్టిందా అని అడగమనండి. "పులియడం", "మాడడం" లాంటి మాటలు ఆ పుట్టుకను బాగా పట్టిస్తాయి. పిండి పులిసిందంటే రుచి మారిందని మాటలోనే ఉంది.

మళ్లీ నేను:
కొబ్బరి సంగతి పాపకు చెప్పాను సార్. నిన్న తనే రెండు చిన్న గిన్నెల్లో నెయ్యీ పెరుగూ వేసి, మరిగే నీళ్లలో దించింది. నెయ్యి కాసేపటికే కరిగి అడుగు కనిపించింది. పెరుగు పలుకులుగా విడిపోయి చుట్టూ పచ్చటి తేట ఊరింది. చల్లారాక అందులో వేలు ముంచి నాకి, "ఇంకా పుల్లగానే ఉందమ్మా, పాలు కాలేదు" అంది.