కుల్లాయుంచితి... ఆ టోపీ ఎక్కడిది?

ప్రశ్న: “కుల్లాయుంచితిఁ గోకసుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్” అనే శ్రీనాథుడి చాటువు మా అమ్మాయికి చెబుతున్నాను. కుల్లాయి అంటే టోపీ అన్నాను. తెలుగు మాటేనా అని అడిగింది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: పారసీలో కులాహ్ అంటే టోపీ. మన నోట్లో కుల్లాయి, కుళ్లాయి అయింది. బళ్లో మాకు ఈ పద్యాన్ని అవమానం కథగానే చెప్పారు, పరాయి కొలువులో కవి పాపం వేషం కట్టాల్సి వచ్చిందని. కానీ ఆ కొలువున్న విజయనగరంలో ఆ టోపీ, పొడుగు అంగీ కొలువుకు వేసుకెళ్లే మర్యాద దుస్తులు. తిరుమలలో మహాద్వారం దాటగానే ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల విగ్రహం ఉంటుంది కదా. ఈసారి తలమీద చూడండి. నిటారుగా ఉన్న ఆ పొడుగు టోపీయే కుళ్లాయి. తోపులాటలో చాలామంది చూడకుండానే ముందుకెళ్లిపోతారు.

ఇంకొకరు: బహమనీ సుల్తానులతో అన్ని యుద్ధాలు చేసి, వాళ్ల టోపీ ఎందుకండీ పెట్టుకోవడం?

జవాబు: కృష్ణా తుంగభద్రల మధ్య రాయచూరు సీమ కోసం తరతరాలుగా కొట్టుకున్నమాట నిజం. ఆ కొట్లాటల్లో గెలవడానికే విజయనగర రాజు ప్రౌఢదేవరాయలు ముస్లిం విలుకాండ్రను కొలువులో చేర్చుకున్నాడు. ఆ రాజు ఉద్యోగి అహ్మద్ ఖాన్ 1439లో కట్టించిన మసీదు హంపీలో ఇప్పటికీ ఉంది. రాజుకు పుణ్యం రావాలని కట్టించినట్టు కన్నడ శాసనం వేయించాడు. అందులో దాని పేరు మసీదు కాదు, ‘ధర్మశాల’. పక్కవాడికి అర్థమయ్యే మాటలో తన ప్రార్థన చోటును చెప్పుకున్నాడు. నాకైతే ఆ ఒక్క మాట పది యుద్ధాల వర్ణన కంటే ఎక్కువ చెబుతుంది.

రాజులూ అంతే. బుక్కరాయల కాలం నుంచే ‘హిందూరాయ సురత్రాణ’ అనే బిరుదు ఉంది. సుల్తాన్ అన్న మాటకే సంస్కృతం చొక్కా తొడిగితే సురత్రాణ, దేవతలను కాచేవాడు అయింది!

మొదట అడిగినవారు: అంత కలిసిపోతే మరి తళ్లికోట యుద్ధం ఎందుకు జరిగింది?

జవాబు: కలిసిపోయారని నేననను. ఇబ్రహీం కుతుబ్ షానే చూడండి. అన్న జంషీద్‌కు భయపడి విజయనగరంలో ఏడేళ్లు తలదాచుకున్నాడు. గోలకొండ గద్దెనెక్కాక తెలుగు కవులను పోషించాడు. వాళ్లు ఆయన్ను మల్కిభరాముడని పాడారు. 1565లో తనకు ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికి దండెత్తిన సుల్తానుల్లో ఆయనా ఉన్నాడు. ఏడేళ్లు తిన్న అన్నం నిజమే, ఆ దండయాత్రా నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచడం నాకు చేతకాదు.

మాది అనంతపురం వైపు. మా బళ్లో హాజరు పిలిస్తే కుళ్లాయప్పలు ముగ్గురు పలికేవాళ్లు, ముగ్గురూ హిందువులే. గూగూడులో కుళ్లాయిసామి అనే పీర్లసామికి మొక్కుకుంటే పుట్టిన పిల్లలు. కుళ్లాయి పారసీ, అప్ప మనది. మీ అమ్మాయికి ఇది కూడా చెప్పండి.