రోలో అసలు ఎవరి కొడుకు? డెన్మార్క్ వాడా, నార్వే వాడా?

పర్లాకిమిడి కుర్రాడు:
నమస్కారం అండి. ఓటీటీలో వైకింగుల సిరీస్ ఒకటి చూస్తున్నాను. అందులో రోలో రాగ్నార్‌కి తోడబుట్టినవాడు. ఓడలేసుకుని దోచుకోడానికి వెళ్లి, చివరికి ఫ్రాన్స్ రాజు పక్షాన చేరి పెద్ద ప్రభువైపోతాడు. నెట్‌లో ఒకచోట డెన్మార్క్ వాడని, ఇంకోచోట నార్వే వాడని ఉంది. మా నాన్న "ఆడిది ఏ ఊరైతే నీకేటిరా, పరీక్ష చూసుకో" అంటున్నారు. ఏది నిజం?

రాయగడ బాబాయ్:
ఊరి సంగతి తెలీదు గానీ, కాలు ముద్దు కథ భలే ఉంటుంది. ఫ్రాన్స్ రాజు రోలోకి నేల ఇచ్చిన ఒప్పందం రోజున రాజుగారి పాదం ముద్దు పెట్టుకోమన్నారట. రోలో ససేమిరా అని తన మనిషిని పంపాడు. వాడు వంగకుండా రాజు కాలే పైకెత్తేసరికి రాజు వెల్లకిలా పడ్డాడట!

బరంపురం మాస్టారు:
ఆ కాలు కథ చెప్పింది దూడో అనే మతగురువు. డెన్మార్క్ మాట కూడా ఆయన రాతే. రోలో మనవడు మొదటి రిచర్డ్ రాయమంటే మొదలెట్టి 11వ శతాబ్దం మొదట్లో పూర్తి చేశాడు. మనవడి కొలువులో ఉంటూ తాతని తక్కువ చేసి రాస్తాడా? రాజు చార్లెస్ కూతురు గిసెలాని రోలోకిచ్చి పెళ్లి చేశారనీ రాశాడు. రాజుగారి పెళ్లే 907లో అయింది. ఒప్పందం 911లో. ఆ పిల్లకి పెళ్లీడు ఎక్కణ్నుంచి వస్తుంది?

నార్వే కథ ఇంకా ఆలస్యం. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్ వాడైన స్నోరి రాశాడు: రోలో అంటే నార్వేలో మోర్ ప్రాంతపు జార్ల్ (ప్రభువు) రోగ్న్‌వాల్డ్ కొడుకు హ్రోల్ఫ్ అని, ఏ గుర్రమూ మోయలేనంత భారీ మనిషి కాబట్టి ఎక్కడికైనా నడిచే వెళ్లేవాడని. రాగ్నార్‌కి తోడబుట్టినవాడన్నది మాత్రం సిరీస్ వాళ్ల సొంత కల్పన.

తమ్ముడూ, మీకు ముఖలింగం దగ్గరే కదా. తూర్పు గంగ వంశపు రాజు చోడగంగుడి తామ్రశాసనాలు చూడు. వంశం విష్ణువు దగ్గర మొదలై బ్రహ్మ, అత్రి, చంద్రుడు అంటూ దిగుతుంది. ఆ పై వరసల్ని చరిత్ర అని ఎవరూ అనరు. తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు అన్నదాన్ని మాత్రం అందరూ నమ్ముతారు. దూడోనీ అలాగే చదవాలి.

రోలో బతికుండగా పుట్టిన గట్టి కాగితం 918 నాటిది. చార్లెస్ ఒక మఠం ఆస్తిని ఇంకో మఠానికి రాసిస్తూ, సెన్ నది నార్మన్లకి, అంటే రోలోకీ అతని అనుచరులకీ, రాజ్య రక్షణ కోసం ఇచ్చిన భాగం ఇందులో రాదు అన్నాడు. తండ్రి పేరు లేదు, పుట్టిన ఊరు లేదు. ఒప్పుకున్న పని ఉంది. 911లో షార్త్ర్ దగ్గర రోలో ఓడిపోయాడు, అయినా సెన్ నదిలోకి ఇంకో ఓడల గుంపు రాకుండా ఆపేవాడు రాజుకి కావాలి. దొంగ చేతికే తాళాలిచ్చాడు. ఆ తాళాలు అంత బాగానూ పనిచెయ్యలేదు లెండి, 925లో అదే నార్మన్లు మళ్లీ బోవే, అమియాఁ వైపు దోపిడీకి బయల్దేరారు.

రాయగడ బాబాయ్:
మరి డీఎన్‌ఏ తీస్తే తేలిపోదా మాస్టారూ?

బరంపురం మాస్టారు:
ఆ ప్రయత్నమూ అయింది. 2016లో ఫెకాఁ మఠంలో రోలో మనవడు మొదటి రిచర్డ్, మునిమనవడు రెండో రిచర్డ్‌ల ఎముకలనుకున్నవి బయటికి తీశారు. కాలం లెక్క కడితే ఒకరు క్రీస్తు పూర్వం వాళ్లు, ఇంకొకరు రోలో కంటే ముందు శతాబ్దపు మనిషి! ఎప్పుడో పెట్టెలు మారిపోయినట్టున్నాయి.

పర్లాకిమిడి కుర్రాడు:
థాంక్స్ మాస్టారూ. 1066లో ఇంగ్లండ్ గెలిచిన విలియం ఈయన వంశమేనా?

బరంపురం మాస్టారు:
అవును. రోలో కొడుకు విలియం, అతని కొడుకు మొదటి రిచర్డ్, తరవాత రెండో రిచర్డ్, అతని కొడుకు రాబర్ట్, అతని కొడుకు నువ్వడిగిన విలియం. ఈ వరసలో పేచీ లేదు. పేచీ అంతా రోలోకి పైన ఎవరన్న దాని మీదే. ముందు పరీక్ష రాసెయ్, నాన్నగారు చెప్పింది కూడా వినాలి.