తేలినీలాపురం గూళ్ళ దగ్గర డబ్బులకి ఫోటో టూర్లు: తప్పా, ఒప్పా?

కళింగ_కెమెరా: వచ్చే ఆదివారం శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గూడబాతులు (పెలికన్లు), కొంగలు గూళ్ళు కట్టే చోట ఫోటో టూర్ పెడుతున్నా. మనిషికి 2,500, కారు, టిఫిన్ అందులోనే. పోస్టర్ పెట్టానో లేదో, "పక్షులతో వ్యాపారమా?" అని మెసేజ్ వచ్చింది. ఫ్లాష్ వాడను, డ్రోన్ ఎగరేయను. ఇందులో తప్పేంటో చెప్పండి.

రిటైర్డ్_మాస్టారు: ఆ మెసేజ్ నాదే. ముందు పోస్టర్ దిద్దండి. "సైబీరియా అతిథులు" అని వేశారు. మన గూడబాతు దక్షిణాసియా పక్షి. సైబీరియాలో ఆ జాతే లేదు. ఎర్రకాళ్ల కొంగ కూడా అంతే.

నాగావళి_ఒడ్డు: చిన్నప్పట్నుంచీ సైబీరియా అనే విన్నాం మాస్టారూ 😀

కళింగ_కెమెరా: సైబీరియా గొడవ తర్వాత. టూర్ సంగతి చెప్పండి.

రిటైర్డ్_మాస్టారు: పక్షి ఎక్కడిదో తెలియనివారికి దాని ఇబ్బంది ఏం తెలుస్తుంది? ఎండెక్కితే తల్లి కొంగ రెక్కలు విప్పి పిల్లలకి నీడ పడుతుంది. కింద పదిమంది గుమిగూడితే లేచిపోతుంది. కాకికి కావలసిందదే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం గూటిని చెదరగొట్టడమూ వేటే. తుపాకీ అక్కర్లేదు.

కళింగ_కెమెరా: నేను తీసేది 600 ఎంఎం లెన్స్‌తో, రోడ్డు మీంచి. నిరుడు పెళ్ళి షూటింగ్ వాళ్ళు డ్రోన్ లేపితే చెట్టు చెట్టంతా ఖాళీ అయింది. కేకలేసి దింపించింది నేను. అప్పుడు మీరెక్కడున్నారు? నా ఫోటో ఒకటి విశాఖలో ఓ హోటల్ గోడ మీద పేరైనా లేకుండా వేలాడుతోంది. దాన్నెవరూ వ్యాపారం అనరు!

రిటైర్డ్_మాస్టారు: లెన్స్ మీకుంది. మీతో వచ్చేవాళ్ళ చేతుల్లో ఫోన్లు. ఫోన్‌కి అందాలంటే చెట్టు కిందికే పోవాలి.

ఇచ్ఛాపురం_అమ్మాయి: మా వైపు తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు అలవాటే వాటికి. కొత్త గుంపంటేనే బెదురు.

చింతచెట్టు_కింద: మాది తేలినీలాపురమే. పిట్ట గురించి కొట్టుకుంతన్నారు గానీ చెట్టు ఎవలదో అడిగినారా? మా పెరట్లో చింత అది. నెలల తరబడి కుళ్ళిన చేపల కంపు. రెట్టలకి గుడ్డ ఆరేసుకోలేం, చింతపండు చేతికి రాదు. అయినా మా అమ్మ కొమ్మ కొట్టనివ్వదు. పురిటికొచ్చిన ఆడపిల్లలంటాది. మనిషికి 2,500 అట. మా అమ్మకేటిచ్చినావు బావూ?

కళింగ_కెమెరా: ఇప్పుడు చెట్టుకి అద్దె కట్టాలా? లెన్స్ ఈఎంఐ ఎవరు కడతారు, మీ అమ్మగారా?

చింతచెట్టు_కింద: మా అమ్మ ఊసెత్తకు. పోయినేడు గూట్లోంచి పిల్ల పడితే నువ్వు ఫోటో తీసుకుని ఎల్లిపోనావు. అటవీశాఖోలు వచ్చేదాకా గంప కింద పెట్టి చేపలేసింది మా అమ్మే. ఆ ఫోటోయే నీ పోస్టర్ మీదుంది.

రిటైర్డ్_మాస్టారు: మొదట్నుంచీ నేను చెబుతున్నదదే.

చింతచెట్టు_కింద: మీరు సైబీరియా అన్నారు మాస్టారూ.

కళింగ_కెమెరా: ఆ పిల్ల సంగతి నిజమే. పోస్టర్ తీసేశాను. మనిషికి 300 ఊరికి ఇస్తాను. ఎవరికివ్వాలి, పంచాయతీకా?

చింతచెట్టు_కింద: పంచాయతీకిస్తే మాకేటొస్తాది? చెట్లున్న ఇళ్ళకియ్యి. ముందు ఆదివారం ఒక్కడివే రా, కెమెరా ఇంటికాడెట్టి. మా అమ్మ తిట్టాల్సింది తిట్టినాక లెక్కలు మాటాడుకుందాం.